ఒక్కరికే పనికొచ్చే సీసా

"అమ్ముకోవడానికి పనికిరాదు. దాచుకోవడానికి పనికిరాదు. ఇంకొకళ్ళకి ఇవ్వడానికీ పనికిరాదు. అలాంటిదాన్ని దొంగ ఎందుకు ఎత్తుకుపోయినట్టు, డాక్టరమ్మా?"

ఆ ప్రశ్న వేసి, ఒళ్ళో చేతిసంచి సర్దుకుని, జవాబు వచ్చేదాకా కదిలేది లేదన్నట్టు కూర్చుంది పిన్ని.

పిన్ని అంటే ఎవరికి పిన్ని అని అడిగితే చెప్పడం కష్టం. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జేబుదొంగల దగ్గర్నుంచి జడ్జీగారి డ్రైవరు దాకా అందరూ ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలిచారు. ఉద్యోగం ముగిసి, అడిగినవాళ్ళకి సొంతంగా ఆచూకీలు తీసిపెట్టే పని మొదలెట్టాక కూడా ఆ పిలుపే వెంటొచ్చింది. నిజానికి ఆవిడకి అక్కా లేదు, అక్క పిల్లలూ లేరు. ఉన్న ఒక్క మొగుడూ దాటిపోయి చాలా ఏళ్ళైంది. వీధిలో నడిస్తే అడుగడుక్కీ పలకరింపే. ఇంటికెళ్తే మటుకు తాళం తీసేదీ తనే, లైటు వేసేదీ తనే, వండింది బాగుందో లేదో చెప్పుకునేదీ తనకి తనే.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచింది. రాత్రంతా నిద్రలేదని ఆ కళ్ళే చెబుతున్నాయి.

"అదే నాకూ అంతుపట్టడం లేదు పిన్నిగారూ. ఆ టీకా ఆవిడ గడ్డలోంచి చిన్న ముక్క తీసి, దాని గుర్తులు నాలుగు పట్టుకుని, ఆవిడ ఒక్కదాని కోసమే చేయించాం. ఇంకో ఒంట్లోకి ఎక్కిస్తే దాదాపు నీళ్ళతో సమానం."

ఆవిడ అంటే ఈత మాస్టరమ్మ. ఊళ్ళో సగంమంది పిల్లలకి నీళ్ళంటే భయం పోగొట్టిన మనిషి. పిన్ని ఉండే ఇంటికి సరిగ్గా పైవాటా. వాళ్ళిద్దరి స్నేహం మొదలైంది పోట్లాటతో. పైవాటా బాల్కనీలో పూలకుండీలకి నీళ్ళు పోస్తే కిందవాటా బాల్కనీలో ఆరేసిన బట్టలు తడిసేవి. పిన్ని కేకేసేది. మాస్టరమ్మ మెడలో ఎప్పుడూ వేలాడే ఈల తీసి గట్టిగా ఊది, "ఏయ్ కిందవాటా! తడిశావా? ఐతే ఈత నేర్చుకో!" అనేది. అలా ఏళ్ళ తరబడి సాగింది. మాస్టరమ్మకీ నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఇవాళ పొద్దున ఆస్పత్రి గదిలో ఆవిడ పిన్నితో అన్న మాట అదే.

"కష్టమొస్తే ఫోను చెయ్యడానికి చుట్టాలెవరున్నారని నర్సు అడిగిందే. నీ నంబరిచ్చేశా. కోపమొస్తే మార్పించుకో."

"మార్పించడానికి నాకింకేం పనిలేదా?" అని కసిరింది పిన్ని. కసిరి, బయటికొచ్చి, వరండాలో కాసేపు గోడకేసి చూస్తూ నిలబడింది.

"టీకా సంగతి నాకు తెలిసేలా చెప్పండి డాక్టరమ్మా," అంది ఇప్పుడు. "చదువు తక్కువదాన్ని. దొంగల భాషలో చెబితే తొందరగా బుర్రకెక్కుతుంది."

డాక్టరమ్మ మొహంలో చిన్న నవ్వు మెరిసి పోయింది.

"దొంగల భాషలోనే చెబుతా. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు. బయటినుంచి జబ్బు జొరబడితే పట్టేస్తారు. క్యాన్సరు గడ్డ అలా వచ్చింది కాదు, ఒంట్లోనే పుట్టింది. అందుకని చాలాసార్లు కాపలావాళ్ళు దాన్ని చూసి కూడా, మనవాడేలే అని వదిలేస్తారు. మేం రేడియేషన్ కిరణాలతో ఆ గడ్డని కొడతాం. కణాలు చితికిపోయి లోపలి సరుకంతా బయటపడుతుంది. వీధిలో గొడవైతే జనం మూగినట్టు, కాపలావాళ్ళు అక్కడికి పరిగెడతారు. సరిగ్గా ఆ గొడవలో టీకా ఇస్తాం. ఇదిగో, దొంగ మొహం ఇలా ఉంటుంది, చూసుకోండి అని."

"కిరణాలు లాఠీదెబ్బ. టీకా దొంగ ఫోటో."

"అంతే. మొహం గుర్తుపట్టారంటే, కిరణం తగలని మూలల్లో దాక్కున్న గడ్డల్ని కూడా వెతికి పట్టుకుంటారని మా ఆశ. ఆశేనండీ, హామీ కాదు. తేల్చుకోవడానికే ఈ పరీక్ష. అందుకే కంప్యూటరు చీటీ తీసినట్టు కొంతమందికి ఒట్టి కిరణాలూ, కొంతమందికి కిరణాలతో పాటు టీకా అని పంచుతుంది. అందులో నా ఇష్టాయిష్టాలు లేవు."

"మాస్టరమ్మకి టీకా చీటీ వచ్చింది."

"వచ్చింది. నిన్నటితో కిరణాలు అయిపోయాయి. ఆ గొడవ సద్దుమణిగేలోపు టీకా పడాలి. ఇవాళ పొద్దుగూకేదాకే గడువు. ఇంకోటి చేయించాలంటే నెలలు పడుతుంది. ఆవిడకి అన్ని నెలలు..." డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఎండ అప్పటికే నడినెత్తి దిగిపోయింది.

నిన్న సాయంత్రం సీసా చలిగదిలో, టీకాలు గడ్డకట్టించి దాచే ఉక్కుడ్రమ్ములో ఉంది, డాక్టరమ్మ కళ్ళారా చూసింది. ఇవాళ పొద్దున లేదు. ఆ గదికి తాళంచెవులు రెండే, ఒకటి డాక్టరమ్మ దగ్గర, ఒకటి ఆ డ్రమ్ములు చూసుకునే మనిషి దగ్గర. ఇంతకు మించి చెప్పడానికేం లేదు. పిన్ని లేచింది.

చలిగది ముందు వరండాలో దారికడ్డంగా ఒక ఆకారం నిలబడి ఉంది. ఆస్పత్రి కాపలా సిబ్బందికి పెద్ద. ఒకప్పుడు పిన్ని పనిచేసిన స్టేషన్లోనే అధికారి, పిన్నికి మూడు మెట్లు పైన. పెదవి మీద నల్లగా, దట్టంగా, చివర్లు పైకి తిప్పిన మీసాలు. వెనకాల అందరూ ఆయన్ని మీసాలు అంటారు. పిన్ని ఒక్కతే మొహానే అంటుంది.

"ఎక్కడో ఎలక పోయిందంటే చాలు, పిన్నిగారు దిగిపోతారు," అన్నాడు మీసాలు.

"గుమ్మంలో పిల్లి ఉండగా, అదీ మీసాలతో సహా, ఎలక ఎలా పోయిందో చూసిపోదామని."

వెనకాల నర్సు ఎవరో కిసుక్కున నవ్వింది. మీసాలు మొహం కందగడ్డయింది.

"చూడండి. ఇది దొంగతనం కాదు, లెక్క తప్పు. పై అరలోది కింద అరలో పెట్టుంటారు. డాక్టరమ్మకి నిద్ర చాలక కంగారు. బయటివాళ్ళు వచ్చి కెలికితే ఆస్పత్రి పరువు పోతుంది. మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి, ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు."

ఎవరూ ఎదురుచూడరని ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు. పిన్ని ఆ మాటని సంచిలో వేసుకున్నట్టు ఊరుకుంది.

"చివరిసారి ఈ గదిలోకి మీరెప్పుడు వెళ్ళారు?"

"అసలు అడుగుపెట్టి ఎరగను. తలుపు బయటిదాకే నా రాజ్యం. లోపల ఆ చలీ ఆ పొగా నాకు పడవు."

"ఆ వేళ్ళకేమైంది?"

బొటనవేలికీ చూపుడువేలికీ గుడ్డ చుట్టి ఉంది. మీసాలు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "టీ గిన్నె. మా ఆవిడ ఇంట్లో లేదు. నా పొయ్యి నేనే వెలిగించుకోవాలి."

"పుట్టింటికెళ్ళిందా?"

"అలాంటిదే అనుకోండి."

ఆ ఒక్క మాటలో మీసాలు గొంతు కొంచెం సన్నబడింది. ఖాళీ ఇంట్లో టీ కాచుకునే మనిషి గొంతు ఎలా ఉంటుందో పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కకి తప్పుకుని లోపలికి వెళ్ళింది. మీసాలు మాత్రం గుమ్మం దగ్గరే ఆగి, తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాడు.

చలిగది చూసుకునే మనిషికి ముప్ఫై దాటి ఉంటాయి. రోజంతా గడ్డకట్టే చలితో పని కదా, కాస్త ఖాళీ దొరికితే చాలు మూలనున్న హీటరు ముందు చేతులు చాపుకుని కూర్చుంటాడట. అందుకని తోటివాళ్ళు చలిమంట అని పేరెట్టారు. పిన్నిని చూడగానే లేచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ఒకసారి జేబులో, ఒకసారి వెనకాల పెట్టుకున్నాడు.

"భయపడకు బాబూ. నీ పని ఎలా ఉంటుందో చూపించు, అంతే. నిన్న డాక్టరమ్మ చూసి వెళ్ళాక డ్రమ్ము తెరిచావా?"

"లేదండీ. మేం సాయంత్రం మూశాక మళ్ళీ పొద్దున్నే తెరుస్తాం. మా వాళ్ళెవరూ మధ్యలో తియ్యరు."

నడుమెత్తు ఉక్కుడ్రమ్ము. మోచేతుల దాకా వచ్చే లావుపాటి తొడుగులు వేసుకుని మూత ఎత్తాడు. తెల్లటి పొగ బుసబుసమంటూ పొంగి, అంచు దాటి, నేల మీదికి పాకింది. అందులోంచి పొడుగాటి కమ్మీ ఒకటి రెండు చేతులతో పైకి లాగాడు. కమ్మీకి అరలు, అరల్లో వేలంతేసి సీసాలు, ఒక్కోదాని మీద ఒక నంబరు.

పిన్ని చెయ్యి చాపింది.

"తాకకండి!" చలిమంట కేక పెట్టాడు. "అది చలండీ, ఐనా కాలుతుంది. చర్మం తెల్లగా బొబ్బెక్కుతుంది, అచ్చం నిప్పు తగిలినట్టే ఉంటుంది."

పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మం వైపు మాత్రం తిరగలేదు. తిరిగితే, ఏ వేళ్ళకేసి చూస్తోందో ఆయనకి తెలిసిపోతుంది.

"సరే. ఇప్పుడు ఒక సీసా తియ్యి నాయనా."

చలిమంట కమ్మీ పట్టుకునే నిలబడ్డాడు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. వదిలితే కమ్మీ లోపలికి జారిపోతుంది. పోనీ ఒక చెయ్యి ఖాళీ చేసుకున్నా ఆ లావు తొడుగుతో అంత చిన్న సీసా పట్టు దొరకదు.

"మామూలుగా నర్సమ్మ ఉంటుందండీ. మేం ఒకళ్ళం కమ్మీ ఎత్తి పట్టుకుంటే, ఇంకొకళ్ళు సన్న తొడుగు వేసుకుని చటుక్కున లాగుతారు."

"అంటే ఇది ఒంటిచేతి పని కాదు."

గుమ్మంలోంచి మీసాలు అన్నాడు: "తలుచుకుంటే ఒక్కడే చేస్తాడు. డాక్టరమ్మకి కూడా తాళంచెవి ఉందిగా. ఆవిణ్ణి అడిగారా?"

"అడుగుతా. అందరినీ అడుగుతా." పిన్ని ముక్కు మీద వేలేసుకుంది. ఆ తర్వాత, ఏదో తనలో తను అనుకుంటున్నట్టు, కాస్త పైకే అంది: "నాకొకటే బెంగ. మూత తీస్తే ఇంత పొగ. కళ్ళకేం ఆనుతుంది? ఆ కంగారులో దొంగ చేతికి దొరికిన సీసా లాక్కుపోయి ఉంటాడు. మాస్టరమ్మది ఇక్కడే ఎక్కడో మారిపోయి ఉందేమో. ఎవరి ఒంటికో చేసిన ఇంకేదో సీసా తీసుకెళ్ళి, పాపం, ఎవరికి పొడుస్తాడో ఏమో."

చలిమంట చూపు పిన్ని భుజం మీదుగా గుమ్మం వైపు పోయింది.

"కాదండీ! పొగ తగ్గేదాకా ఆగాక మనకి నంబరు స్పష్టంగానే కనపడిం..." నాలుక కరుచుకున్నాడు. "కనపడుతుందండీ. మాకు. ఆగితే మాకు కనపడుతుందని."

వినేవాళ్ళకి ఇందులో ఏముంది? ఒక చిన్న మాట, చటుక్కున దిద్దుకున్నాడు. పిన్నికి మటుకు అది చెవిలో సూదిలా దిగింది. మాకు అంటే మాకు, మీరు అందులో లేరు అని. మనకి అంటే నీకూ నాకూ కలిపి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే చంటిపిల్లలకి కూడా వచ్చేస్తుంది ఆ తేడా. గదిలోకి వచ్చినప్పట్నుంచీ చలిమంట పిన్నితో మేం, మా, మాకు అనే అంటున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడతో అన్నది కాదు. ఆవిణ్ణి దాటి గుమ్మంలో ఉన్న మనిషితో అన్నది.

ఒంటరిగా ఉండే ఇంట్లో మనం అన్న మాటకి పని ఉండదు. తిందాం అని గోడతో అనలేం, పడుకుందాం అని కుర్చీతో అనలేం. వాడి వాడి వదిలేసిన ఆ మాట ఎక్కడైనా వినపడితే, చాన్నాళ్ళ కిందట పోయిన మనిషి దగ్గు పక్కగదిలో వినపడ్డట్టు పిన్నికి తల చటుక్కున తిరుగుతుంది. ఇప్పుడూ తిరిగింది. గుమ్మం వైపు తిరిగింది.

మీసాలు గోడగడియారం చూసుకుంటున్నాడు.

"నాకు పై అంతస్తులో పనుంది. మీ పొగ మీరు పీల్చుకోండి పిన్నిగారూ." వెళ్ళిపోయాడు. మామూలుగా నిదానంగా నడిచే మనిషి, వరండా మలుపు తిరగ్గానే బూట్ల చప్పుడు పరుగైంది.

పిన్ని మూత మూయించింది. చలిమంట తొడుగులు విప్పించింది. హీటరు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా ఇంకోదాని మీద కూర్చుంది.

"ఆయన నీకేమవుతాడు?"

"ఏమీ కారండీ. మా ఆస్పత్రి అధికారి."

"ఏమీ కాని మనిషితో మనం ఏమిటి నాయనా? ఎవరికీ ఏమీ కాకుండా ఉండటం ఎలా ఉంటుందో నన్నడుగు, చెబుతా. ఊరంతా నన్ను పిన్నీ అంటుంది, మనం అని ఒక్కరూ అనరు. ఈ గదిలో అడుగుపెట్టి ఎరగనని ఆయన ఇందాక నాతో అన్నాడు. మరి పొగ తగ్గాక నంబరు మీ ఇద్దరికీ ఎలా కనపడింది? నువ్వు కమ్మీ పట్టుకున్నావు. సన్న తొడుగు వేసుకోవాలని తెలీక ఆయన ఉత్తచేత్తో లాగాడు. ఆ బొబ్బలు టీ గిన్నెవి కావు."

చలిమంట రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"బావండీ," అన్నాడు. "మా అక్క మొగుడు. చుట్టరికం ఉంటే ఇక్కడ ఉద్యోగం ఇవ్వరని దాచాం. అక్క పైవార్డులో ఉందండీ. ఆవిడకీ ఇదే జబ్బు. పరీక్షలో చేర్చారు. చీటీలో ఒట్టి కిరణాలు వచ్చాయి."

"మాస్టరమ్మ టీకా మీ అక్కకి నీళ్ళతో సమానమని నీకు తెలీదా?"

"దాదాపు అండీ. డాక్టరమ్మ దాదాపు అనే అంటుంది. నాలుగు గుర్తుల్లో ఒక్కోసారి ఒకటి వేరేవాళ్ళ గడ్డలో కూడా ఉండొచ్చని ఆవిడే ఎవరికో చెబుతుంటే విన్నా. ఆ ఒక్కటీ అక్కకి ఉంటే..."

"ఉందా?"

"తెలీదండీ."

"బావకి ఏమని చెప్పావు?"

"పనిచేస్తుందని. నన్ను పెంచింది అక్కేనండీ. ఏదో ఒకటి చెయ్యరా అని బావ రోజూ నా మొహంకేసి చూసేవాడు. ఫ్లాస్కులో పొడిమంచు, అదే డ్రై ఐసు, వేసి ఇచ్చా. ఇవాళ ఆవిడకి కిరణాలు అయ్యాక బయటికి తీసి కరిగించమన్నా. ఈపాటికి అయిపోయుంటాయి."

పిన్ని అప్పటికే లేచింది. కాపలావాళ్ళు మనవాడేలే అని వదిలేస్తారని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. ఇక్కడ కాపలా కాసేవాడే ఆ మనవాడు.

పైవార్డులో చివరి మంచం. తలకి పల్చటి గుడ్డ చుట్టుకుని, దిండుకి ఆనుకుని కూర్చుందో మనిషి. సన్నగా, చీపురుపుల్లలా ఉంది, కళ్ళు మాత్రం గడుసువి. పక్కన మీసాలు. ఒక చేతిలో సిరంజి. రెండో చేతిలో, అరచేతి వెచ్చదనంలో, వేలంత సీసా.

"వద్దు బాబూ," అంది పిన్ని గుమ్మంలోంచే.

మీసాలు తలెత్తలేదు. "మీకేం తెలుసు? చీటీ తీసి ప్రాణాలు పంచుతారా? మా చీటీ ఖాళీది అంటే నేనేం చెయ్యాలి? సరేనని ఇంటికెళ్ళి టీ కాచుకోవాలా?"

"ఈవిడెవరయ్యా?" అడిగింది భార్య.

"నేను ఎవరికీ ఏమీ కానమ్మా. కింద అంతస్తులో ఒకామె ఉంది. ఆవిడకీ ఎవరూ లేరు. ఆ సీసా ఆవిడ గడ్డ గుర్తులు తీసి, ఆవిడ కోసం చేసింది. పొద్దుగూకేలోపు ఆవిడకి పడాలి."

భార్య మొగుడి వైపు తిరిగింది. పిన్ని వెనకే వచ్చిన తమ్ముడి వైపు చూసింది. చలిమంట నేలకేసి చూస్తున్నాడు.

"నా కోసమే చేయించారని చెప్పావు కదరా?"

మీసాలు సిరంజి కిందికి దించాడు.

"ఇంకొకళ్ళ కళ్ళజోడు పెట్టుకుంటే నాకు కనపడుతుందటయ్యా? వాళ్ళకీ కనపడకుండా పోతుంది," అందావిడ. చెయ్యి చాపి, మీసాలు వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. బొబ్బలున్న వేళ్ళ దగ్గర కాస్త నిదానించింది. సీసా తీసి పిన్ని చేతిలో పెట్టింది. "నా కిరణాలు నాకు పడుతున్నాయిగా. అదేం చేస్తుందో చూద్దాం. మీసాలు తడుపుకోకు, బాగుండవు."

మీసాలు మంచం పట్టెకి తల ఆనించాడు. అంత పెద్ద మనిషి, వీపు మటుకు చిన్నపిల్లాడి వీపులా కదిలింది.

మూత సీలు తెగలేదు. సీసా పక్కన అంటించిన రంగుచుక్క ఇంకా పచ్చగానే ఉంది. పిన్ని ఫోనులో చెప్పగానే డాక్టరమ్మ గబగబా అందుకుంది. "చెడిపోతే ఆ చుక్క నల్లబడుతుంది. పచ్చగా ఉంటే ఫరవాలేదు. కానీ కరగడం మొదలయ్యాక మళ్ళీ గడ్డకట్టించకూడదండీ. ఫ్లాస్కులో మంచు తీసేసి, చన్నీళ్ళ సంచి వేసి అందులో పెట్టించండి. పొద్దుగూకేదాకే. నేను మాస్టరమ్మ గదికి వచ్చేస్తున్నా."

కింద అంతస్తు చివరి గదికి పిన్ని అందరికంటే ముందు చేరింది.

మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి ముడత లేకుండా మడిచి ఉంది. కొక్కేనికి పొద్దున వేలాడిన తువ్వాలు లేదు. దిండు మీద, సరిగ్గా మధ్యలో, ఈల ఉంది. ఎన్నో ఏళ్ళుగా స్నానానికి కూడా మెడలోంచి తియ్యని ఈల.

వెనకాల బూట్ల చప్పుడు ఆగింది. మీసాలు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, వెనకే చలిమంట.

"మధ్యాహ్నం నేనే వచ్చి చెప్పాను," అన్నాడు. "మీ టీకా ఇక రాదమ్మా, వైద్యం ఆపేశారు, ఇంటికెళ్ళొచ్చు అని. ఆవిడ లేకపోతే ఎవరూ వెతకరని."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. సరే అంది. మొక్కలకి నీళ్ళు చూసి పొయ్యమని కిందవాటాకి చెప్పండి, బట్టలు తడుస్తాయి, అంది."

పిన్ని మంచం కొస పట్టుకుంది. పైవాటా తాళంచెవి తన సంచిలోనే ఉంది. ఆస్పత్రిలో చేరిన రోజు మాస్టరమ్మే ఇచ్చింది. అంటే ఇంటికి వెళ్ళలేదు. తువ్వాలు తీసుకెళ్ళింది. ఈల వదిలేసింది. ఈ మనిషి వెళ్ళడానికి ఈ ఊళ్ళో ఇంకొక్క చోటే ఉంది. నీళ్ళల్లో ఉంటే ఏ నొప్పీ తెలీదే కిందవాటా, అనేది. "ఈతకొలనుకెళ్ళింది," అంది పిన్ని.

అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఈ నీరసంలో నీళ్ళల్లోకా? రెండు బారలు కూడా వెయ్యలేరు పిన్నిగారూ."

పిన్ని ఈతకొలను కాపలామనిషికి ఫోను కలిపింది. ఎంతో సేపటికి ఎత్తాడు.

"ఇవాళ సెలవండీ. లోపల ఎవరూ లేరు," అన్నాడు ఆవలిస్తూ. ఆ తర్వాత గేటు ఊపుతున్న చప్పుడు. "అరె, ఇదేంటి? లోపల్నుంచి గడియ పెట్టుందే!"

"గోడ దూకు! విరగ్గొట్టు! లోపలికెళ్ళు!" అరిచింది పిన్ని. అటువైపు ఫోను కిందపడ్డ చప్పుడు తప్ప జవాబు లేదు.

కిటికీ అవతల ఎండ పసుపు తిరిగింది. లోకంలో ఒక్క మనిషికే పనికొచ్చే సీసా చేతికొచ్చింది. ఆ ఒక్క మనిషే లేదు. మీసాలు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, తన్నులకి సిద్ధపడ్డ కుర్రాడిలా. పిన్ని దిండు మీది ఈల తీసి తన మెడలో వేసుకుంది.

"తర్వాత పట్టిస్తా నిన్ను. ఇప్పుడు బండి తియ్యి. బాబూ, నువ్వు ఫ్లాస్కు పట్టుకో, ఆ చుక్క మీంచి కన్ను తిప్పకు. డాక్టరమ్మా, సూదీ దూదీ తీసుకుని ఎక్కండి. పదండి, మనం పొద్దుగూకేలోపు అక్కడుండాలి!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని పిన్ని మెట్లు సగం దిగాక గానీ గమనించలేదు.